మెట్టసీమలో సముద్రజలము: ఉప్పునీటి అక్వేరియము పూర్వకథ

రాయలసీమ దక్షిణపు అంచున, కర్ణాటక సరిహద్దునకు చేరువలో నున్న ఆమడగూరు ప్రాంతము వానకై మొగము వాచిన నేల. అనంతపురము జిల్లా యని పూర్వము వ్యవహరింపబడిన ఈ సీమలో సాలుకు సగటున కురియు వర్షము ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ చేలును, చింతతోపులును, గుండురాళ్ళ గుట్టలును, ఏ కొన్ని యేండ్లకో అలుగు పారు చెరువులును ఇచ్చటి దృశ్యము. చెరువు నిండిన యేట కొరమీను, జెల్ల, పరిగె మొదలగు మంచినీటి చేపలు ఊరివారి కంటబడునే కాని, సముద్రము మాత్రము 200 కిలోమీటర్లకు పైబడిన దూరమున నుండుటచే, కడలిలోని ప్రాణిని సజీవముగ చూచిన వారు పల్లెలలో అరుదు. ఇట్టి చోట నొక గృహస్థు తన వసారాలో గాజుతొట్టి నమర్చి, దానియందు ఉప్పునీరు నింపి, సముద్రపు చేపను బ్రతికింపవలెనని తలపెట్టెనేని, విన్నవారు మొదట నడుగు ప్రశ్న ఖర్చును గూర్చినదే యగును. అది శ్రీమంతుల వేడుక యనియు, నగరములలో పెద్ద హోటళ్ళ ముంగిట నుండవలసిన అలంకారమనియు మనలో నొక నమ్మకము పాతుకొని యున్నది. ఈ కళ పుట్టి పెరిగిన క్రమమును పరిశీలించిన వారికి ఆ నమ్మకము నిలువదు. దీనిని అడుగడుగునను ముందునకు నడిపినవారు పొదుపరులు. వారికి తోడ్పడినది నీటి స్వభావమును ఓర్పుతో తెలిసికొన్న జ్ఞానము.

ఉప్పునీటి ముచ్చట ఈ సీమకు బొత్తిగ క్రొత్తదియు కాదు. సముద్రతీరమునుండి ఉప్పు తెచ్చుట మిగుల ప్రయాసతో కూడిన పనియై యున్న కాలమున, బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతముల ప్రజలు తమ కాళ్ళక్రింది చవుటినేలనుండియే ఉప్పు తీసికొనుచుండిరి. ఆ పని ఉప్పరుల కులవృత్తి. వారు మట్టిని దిబ్బగా పోసి, దాని నడినెత్తిన తొట్టివలె గుంట చేసి, ఆ గుంటలో చవుటిమన్ను నింపి, పైని నీరు పోసెడివారు. నీరు మంటిలోని లవణమును కరగించుకొని, అడుగున నుంచిన దారిగుండ మెల్లగ దిగివచ్చెడిది. ఆ చిక్కని ఉప్పునీటిని గచ్చుచేసిన మడిలో పలుచగా పరచి ఎండకు విడిచినచో, నీరు ఆవిరియై ఉప్పు మిగిలెడిది. ఈ దిబ్బలకు మోడ లని పేరు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రభుత్వపు ఉప్పు సుంకపు చట్టములు బిగిసిన పిమ్మట ఈ వృత్తి అణగిపోయెను. ఉప్పరులు మట్టిపనికిని, చెరువుకట్టల పనికిని, బావుల త్రవ్వకమునకును మరలిరి. నీటిలో లవణమును కరగించుట, కరగినదానిని మరల వేరుచేయుట, నీరు పోవునప్పుడు ఉప్పు పోక నిలుచుట అను మూడు సత్యములను ఈ నేలమీది శ్రమజీవులు ఏ గ్రంథమును చదువకయే తెలిసికొని యుండిరని మనము గర్వముతో చెప్పుకొనవచ్చును. ఉప్పునీటి తొట్టిని పోషించువానికి నిత్యము పనికివచ్చు సత్యములును ఈ మూడే.

ఉప్పరుల ఈ విధానమును గ్రంథస్థము చేసినవారిలో ఎడ్గార్ థర్‌స్టన్ ఒకడు. ఆయన 1885 మొదలు 1908 వరకు మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు సూపరింటెండెంటుగా నుండెను. కె. రంగాచారి సహాయముతో ఆయన సమకూర్చిన దక్షిణ భారతదేశపు కులములు, తెగలను గూర్చిన యేడు సంపుటముల గ్రంథము 1909లో వెలువడెను. ఆ సంవత్సరముననే, అక్టోబరు 21వ తేదీన, మద్రాసు మెరీనా తీరమున భారతదేశములోని మొట్టమొదటి సముద్రజల అక్వేరియము ప్రజలకు తెరువబడెను. దానికి రూపురేఖలను దిద్దినవాడును ఈ థర్‌స్టనే. మెట్టసీమలో మంటినుండి ఉప్పు తీయు విధమును వ్రాసిపెట్టినవాడును, దక్షిణదేశ ప్రజలకు సముద్రగర్భమును గాజుపలకల వెనుక చూపదలచినవాడును ఒక్కడే యగుట ఈ చరిత్రలో మనకు ప్రీతి గొలుపు విషయము. అయితే మద్రాసు కథను చెప్పుటకు ముందు, సముద్రప్రాణిని నేలమీద బ్రతికించు విద్య ఎట్లు అలవడెనో తెలిసికొనుట యవసరము.

ఆ విద్యకు తొలి మెట్టు వేసినది ఒక కుట్టుపని స్త్రీ. జాన్ విల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి మహిళ పారిస్ నగరమున దుస్తులు కుట్టుచు జీవించి, ఒక వర్తకుని వివాహమాడి, సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమున కాపుర ముండెను. అచ్చటి సముద్రమున ఆర్గోనాట్ అను నొక ప్రాణి కలదు. పలుచని తెల్లని డిప్పలో నుండు ఈ ప్రాణి ఆ డిప్పను తానే నిర్మించుకొనునా, లేక మరియొక జీవి విడిచినదానిని ఆక్రమించుకొనునా యను వివాదము పండితులలో చిరకాలముగ నడచుచుండెను. చచ్చిన ప్రాణిని ఎంత పరీక్షించినను ఈ సందేహము తీరదు. అందుచే ఆమె 1832 ప్రాంతమున గాజుతొట్లను చేయించి, వానిలో సముద్రజలము నింపి, ప్రాణులను సజీవముగ నుంచి, దినదినమును గమనించెను. డిప్పలను కొంచెము విరిచి చూడగా, ఆ ప్రాణియే ఆ విరుగును పూడ్చుకొనెను. డిప్ప దాని స్వనిర్మితమే యని రుజువయ్యెను. ఆమెకు విద్యాపీఠముల పట్టములు లేవు. సముద్రము ఇంటికి సమీపమున నుండుట, చేతిపని నేర్పు, చూడవలెనను పట్టుదల, ఈ మూడే ఆమె మూలధనము.

సముద్రము సమీపమున లేనివారి మాట యేమి? ఆ ప్రశ్నకు సమాధానము లండను నగరమున దొరకెను. ఒక మతాచార్యుని భార్యయైన అన్నా థిన్ 1846లో టార్కీ తీరమునకు పోయి, అచ్చటి రాళ్ళపై నున్న పగడపు జాతి ప్రాణులను చూచి మోహపడి, వానిని లండనునకు తీసికొని పోవలెనని నిశ్చయించెను. ప్రయాణమున అవి యొకదాని కొకటి తాకి నలగకుండునట్లు ఆమె వానిని సూదిదారముతో ఒక పెద్ద స్పంజికి కుట్టి, సముద్రజలము నింపిన రాతిజాడీలో నుంచెను. ఇల్లు చేరిన పిమ్మట అసలు చిక్కు వచ్చెను. తెచ్చిన సముద్రజలము కొంచెము. మరల తెప్పించుట వ్యయప్రయాసలతో కూడినది. నిలువయున్న నీటిలో ప్రాణవాయువు తరిగి ప్రాణులు సొమ్మసిల్లును. దానికామె కనిపెట్టిన ఉపాయము మిక్కిలి సులభమైనది. తెరచిన కిటికీ ముందు నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ధారగా పోయుట, మరల దీనినుండి దానిలోనికి పోయుట. ఇట్లు అరగంట మొదలు ముప్పావుగంట వరకు పోసినచో నీటిలో గాలి కలిసి, అది మరల ప్రాణయోగ్య మగుచుండెను. అలసట గొలుపు ఆ పనిని ఇంటి పనిపిల్ల ఉత్సాహముతో చేయుచుండెను. తరువాతి సంవత్సరమున సముద్రపు మొక్కలను కూడ నీటిలో నుంచుటచే ఈ శ్రమ కొంత తగ్గెను. ఆ ప్రాణులు మూడేండ్లకు పైగ జీవించి సంతానమును పొందెను. మన ఊరిలో కాఫీని గ్లాసునుండి లోటాలోనికి ఎత్తిపోసి చల్లార్చు చేతివాటమువంటి ఈ పని, సముద్రమునకు దూరముగ సముద్రజీవిని నిలిపిన తొలి సాధనము. నేడు చిన్న విద్యుద్యంత్రము బుడగలను వదలి చేయు పనియు ఇదియే. యంత్రము రాకముందు దానిని ఒక బాలిక చేతులు చేసెను.

ఆ దినములలోనే రసాయన శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ వారింగ్టన్ 1849లో ప్రయోగము లారంభించి, చేపలును, నీటిమొక్కలును, నత్తలును ఒక్క తొట్టిలో చేరినచో ఒకదాని విసర్జనము మరియొకదానికి ఆహారమై, నీరు చిరకాలము చెడకుండునని నిరూపించెను. 1853లో లండను జంతుశాలయందు మత్స్యభవనము తెరువబడి జనుల నాకర్షించెను. దాని వెన్నంటి 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి పరిశీలకుడు ఈ విద్యపై నొక గ్రంథమును వెలువరించి, సామాన్య గృహస్థునకు దీనిని అందుబాటులోనికి తెచ్చెను. లండనులోని వారికి సముద్రజలము తెప్పించుకొనుట భారముగ నుండుటను చూచి, గాస్ కృత్రిమ సముద్రజలమును తయారుచేయ బూనెను. సామాన్యపు ఉప్పు, మనము భేదిఉప్పని పిలుచు మెగ్నీషియం సల్ఫేటు, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు అను నాలుగు లవణములను లెక్క ప్రకారము తూచి మంచినీట కలిపి, అందు మొదట సముద్రపు నాచును, పిమ్మట ప్రాణులను ఉంచి, అవి జీవించుట కనిపెట్టెను. సముద్రమునందున్న మిగిలిన అంశములు అల్పములగుటచే ఆయన వానిని విడిచిపెట్టెను. సున్నపు అంశము సామాన్యపు నీటియందు ఉండనే యుండు ననుకొనెను. అంగడిలో దొరకు నాలుగు సరకులతో సముద్రమును ఇంట కలుపుకొనవచ్చునను ఈ మాట విన్నంతనే, తీరమునకు దూరమైన పట్టణములన్నిటి ద్వారములు ఈ విద్యకు తెరచికొనెను. ఆమడగూరువంటి ఊరికి సముద్రజల మెట్లు వచ్చునని యడుగువారికి చరిత్ర ఇచ్చు ఉత్తరము ఇదియే.

గాస్ చేసినది సాహసమే కాని, దాని వెనుక నున్న ప్రకృతినియమము అప్పటికి పూర్తిగ రుజువుపడలేదు. 1872 మొదలు 1876 వరకు చాలెంజరు అను నౌక ప్రపంచ సముద్రములను చుట్టి తెచ్చిన 77 నీటి నమూనాలను విలియం డిట్‌మార్ పరీక్షించి, 1884లో తన ఫలితములను ప్రకటించెను. ఏ సముద్రపు నీరైనను, ఉప్పదన మెక్కువైనను తక్కువైనను, అందలి ముఖ్య లవణముల పరస్పర నిష్పత్తి మాత్రము ఇంచుమించుగ నొక్కటియే యని దాని సారాంశము. ఒక కిలో సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములు. వానిలో క్లోరైడు వంతు నూటికి 55, సోడియం 30కి కొంచె మెక్కువ, సల్ఫేటు 8కి లోపు, మెగ్నీషియం 4కు లోపు, కాల్షియమును పొటాషియమును ఒక్కొక్కటి ఇంచుమించు 1. ఈ నిష్పత్తికి అలవడిన ప్రాణి మరియొక నిష్పత్తిలో బ్రతుకజాలదు. కావున వంటింటి ఉప్పును మాత్రమే నీట కలిపినచో ఆ నీరు ఉప్పనగునే కాని సముద్రము కాదు. మోడలలో తీసిన మన చవుటి ఉప్పును ఇందుకు పనికిరానిదే; అందు సోడియం సల్ఫేటువంటి ఇతర లవణములు నేల కొక తీరున కలిసియుండును. పొదుపు చేయదలచినవారు మొదట తెలిసికొనవలసినది ఈ యెల్లయే: ఉప్పు విషయమున మిగుల్చుకొన్న రూపాయి చేప ప్రాణముతో పోవును.

గాస్ గ్రంథము వెలువడిన పిమ్మట ఇంగ్లండున ఉప్పునీటి తొట్టి మధ్యతరగతి యిండ్లలో వెఱ్ఱిగ వ్యాపించెను. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ లండనున దుకాణము పెట్టి, సముద్రజలమును, ప్రాణులను, తొట్లను అమ్మి, రైలుమీద దూరప్రాంతములకు పంపసాగెను. కొలది యేండ్లలోనే రెండు విపత్తులు కలిగెను. మొదటిది, ప్రతి యింటను తొట్లు చెడిపోయి దుర్గంధము వెడలుట. రెండవది, తీరములను జనులు గునపములతో త్రవ్వి, రాళ్ళపై నున్న ప్రాణులను ఊడ్చుకొనిపోవుట. తన గ్రంథములు ప్రేరేపించిన ఆ వినాశమును చూచి గాస్ పరితపించెనని ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. మొదటి విపత్తునకు లాయిడ్ కనిపెట్టిన ప్రతిక్రియ, ప్రదర్శించు తొట్లకంటె ఎన్నోరెట్లు పెద్దదైన చీకటి తొట్టిని నేలక్రింద కట్టి, నీటిని ఎడతెగక త్రిప్పుట. 1871లో లండను క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియమున ఆయన దీనిని అమలుపరచెను. అట్లు త్రిప్పిన నీరు ఏల శుభ్రపడుచుండెనో మాత్రము 1890 ప్రాంతమున రష్యా దేశీయుడైన సెర్గేయ్ వినోగ్రాద్‌స్కీ పరిశోధనలవలన తేటపడెను. ప్రాణుల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు ప్రకృతిలో నున్నవి. అవి ఇసుకమీదను, రాతిమీదను అంటుకొని, గాలి కలిసిన నీరు తమపై ప్రవహించుచున్నంతకాలము పనిచేయును. తొట్టి నమర్చిన నాడే చేపను విడిచినవారి చేపలు చచ్చుటకు కారణము, ఈ జీవుల సంతతి అప్పటికి వృద్ధి చెందకుండుటయే. ఇది కాలము చేయవలసిన పని. దానిని ధనముతో తొందరపెట్టుటకు వీలు మిక్కిలి తక్కువ.

ఇక మన దేశపు మాట. చేపలను ఎరిగి, వర్గీకరించి, మేత పెట్టి పోషించు శ్రద్ధ మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దిలో వెలసిన మానసోల్లాసమున మత్స్యవినోద ప్రకరణము కలదు; అందు సముద్రపు చేపలును, నదీమత్స్యములును వేరుచేసి చెప్పబడినవి. ఆంధ్రతీరపు చేపలను ఆధునిక శాస్త్రమునకు పరిచయము చేసిన ఖ్యాతి పాట్రిక్ రస్సెల్ అను వైద్యునిది. ఆయన 18వ శతాబ్ది చివరి భాగమున విశాఖపట్టణమున నివసించి, జాలరులు తెచ్చిన చేపలను చిత్రింపజేసి, 1803లో లండనున రెండు సంపుటములలో 200 చేపల వర్ణనలను ప్రకటించెను. ఆ గ్రంథమున నున్న గొప్ప విశేష మేమనగా, జాలరులు చెప్పిన స్థానికనామములను ఆయన ప్రతి చేప సరసను శ్రద్ధగ వ్రాసికొనుట. విద్వాంసుడు తీరమున నిలిచి, వలలాగు వానిని గురువుగా నెంచి వ్రాసికొన్న ఆ పద్ధతి, ఈ విద్యలో మనవారికి గల పాలును చాటుచున్నది.

ఈ పరంపరలోనే 20వ శతాబ్ది ఆరంభమున మద్రాసు ప్రభుత్వము సముద్రసంపద వైపు దృష్టి మరల్చెను. ఫ్రెడరిక్ నికల్‌సన్ కృషిచే 1907లో మత్స్యశాఖ కంకురార్పణము జరిగెను; జేమ్స్ హోర్నెల్ అందు చేరి శంఖములను, ముత్యపుచిప్పలను, పడవలను గూర్చి విశేషముగ పరిశోధించెను. ఇట్టి వాతావరణమున వెలసినదే మెరీనా అక్వేరియము. థర్‌స్టన్ ఉద్యోగవిరమణము చేసిన పిమ్మట దానిని నిర్వహణలోనికి తెచ్చినవాడు జె. ఆర్. హెండర్సన్; చాలెంజరు నౌక తెచ్చిన ప్రాణులలో శంఖవాసి పీతల జాతులను పరిశీలించి గ్రంథము వ్రాసినవాడును ఆయనయే. అనగా సముద్రజల రసాయనమును లోకమునకు తెలిపిన ఆ నౌకాయాత్రకును, అప్పటి మన రాజధానియందలి ఈ తొట్లకును, ఒక విద్వాంసుని మూలమున ప్రత్యక్షసంబంధ మేర్పడెను. సముద్రము ఎదుటనే యుండుటచే అచ్చట కృత్రిమజలముతో పని లేకుండెను. మొదట మ్యూజియము అధీనమున నుండిన ఈ సంస్థ 1919లో మత్స్యశాఖకు బదిలీ యయ్యెను. మద్రాసు ప్రెసిడెన్సీలోని నానాప్రాంతములనుండి పట్టణమునకు పోయినవారు చూడవలసిన వింతలలో నిది యొకటిగ నుండెను. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము, కదిరి ప్రాంతములవారు రైలెక్కి మద్రాసునకు కోర్టుపనిమీదనో, చదువునకో, వైద్యమునకో పోవుట పరిపాటియై యున్న ఆ కాలమున, సముద్రపు ప్రాణిని గాజు వెనుక కదలుచుండగా చూచు అవకాశము మెట్టసీమవారికి మొదటిసారి యిట్లు చిక్కెను. రెండవ ప్రపంచయుద్ధమున జపాను దాడి భయము పట్టణము నావరించిన 1942లో అది మూతబడెను. కొద్ది ఖర్చుతో తీరమున నెలకొల్పిన ఒక ప్రజావిద్యాలయము అట్లు అంతరించుట మన దక్షిణదేశమునకు కలిగిన నష్టము.

స్వాతంత్ర్యానంతరము 1951లో బొంబాయియందు తారాపోర్‌వాలా అక్వేరియము దాతల ధనసహాయముతో వెలసెను. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రశాఖలో పి. ఎన్. గణపతి మొదలగు ఆచార్యులు వాల్తేరు తీరపు ప్రాణులను పరిశోధించిరి. 1952లో అమెరికానుండి వచ్చిన యూజీన్ లాఫాండ్ అచ్చటి అధ్యాపకులు, విద్యార్థులతో కూడి బంగాళాఖాతపు నీటిని కొలిచెను. ఋతుపవనములు ముగియు తరుణమున మహానదులు తెచ్చి పోయు వరదనీటివలన ఆంధ్రతీరపు ఉప్పదనము 35 గ్రాములకు ఎంతో దిగువకు పడునని వారి పరిశోధనలు తెలుపుచున్నవి. గృహమున తొట్టి నుంచుకొనువారికి కూడ ఇది పనికివచ్చు సమాచారము. తీరమునుండి నీరు తెచ్చుకొనదలచినవారు వానకాలమున, ఏటి మొగల చేరువను తెచ్చినచో అది సగము మంచినీరే యగును. నేడు విశాఖ సముద్రతీరమున మత్స్యదర్శిని యను అక్వేరియము కలదు. పోయినవారు అచ్చట తమ కోరికకు రూపమెట్లుండునో చూడవచ్చును.

మనవంటి ఉష్ణదేశపు బీదవానికి తగిన మార్గమును చూపినవాడు జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్. యూరపు, అమెరికాలలో యంత్రములు పెరుగుచుండగా, ఆయన ప్రాణులతో నిండిన పగడపు రాళ్ళను తొట్టిలో నుంచి, కొలదిపాటి గాలిబుడగలను వదలి, ఎండ తగులుచోట నిలిపి, నీటిని ప్రకృతియే శుభ్రపరచునట్లు చేసెను. 1961లో ఆయన తన పద్ధతిని ఒక అమెరికా పత్రికయందు ప్రకటింపగా మొదట పలువురు నమ్మలేదు. తరువాత ప్రపంచమంతయు దానివైపే మొగ్గెను. రాతి రంధ్రములలో నివసించు సూక్ష్మజీవులే అందలి యంత్రము. అయితే ఆయన మార్గమును మనము యథాతథముగ అనుసరింపరాదు. 2001లో భారత ప్రభుత్వము దిబ్బలు కట్టు పగడపు జీవుల నన్నిటిని వన్యప్రాణి రక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్చెను; కావున వానిని పెకలించుటయు, కొనుటయు, అమ్ముటయు నేరము. గాస్ కాలమున ఇంగ్లండు తీరములకు పట్టిన గతి మన మన్నారు సింధుశాఖకును, లక్షద్వీపములకును పట్టకుండుటకు ఈ కట్టుబాటు మిక్కిలి యవసరము. తొట్టి పెట్టదలచినవాడు దీనిని తన ధర్మముగ నెంచవలెను. సూక్ష్మజీవులకు ఇల్లు కావలసినది రంధ్రములే కాని సజీవమైన పగడము కాదు. రంధ్రములు గల మట్టి గుళికలును, పొడిరాయియు ఆ పని చేయగలవు.

ఈ పూర్వానుభవ మంతయు ఆమడగూరు గృహస్థునకు ఎట్లు ఉపకరించునో ఇక చూతము. తొట్టి 100 లీటర్లకు తక్కువ కాకుండుట మేలు. నీరు కొంచెమైనచో వేడియు, ఉప్పదనమును త్వరత్వరగ మారును. ఆ నీటి బరువే 100 కిలోలు గనుక, మన యిండ్లలో నుండు కడప బండ అరుగుమీద దాని నుంచుట ఉత్తమము. ఈ సీమ బోరునీటిలో కాఠిన్యమును, పలుచోట్ల ఫ్లోరైడును హెచ్చు. ఆ కారణముననే నేడు పల్లెలలో శుద్ధజల కేంద్రములు వెలసి, క్యానులతో ఆర్.ఓ. నీటిని చౌకగ నమ్ముచున్నారు. ప్రజల ఆరోగ్యమునకై వచ్చిన ఆ నీరే తొట్టికి పునాది. దానిలో సముద్రపు లవణముల మిశ్రమమును 100 లీటర్లకు మూడున్నర మొదలు నాలుగు కిలోల వరకు వేరు పాత్రలో కలిపి, ఒకదినము గాలిబుడగలను వదలి, పిమ్మట హైడ్రోమీటరుతో పరీక్షింపవలెను; సాపేక్షసాంద్రత 1.023కును 1.026కును నడుమ నుండవలెను. ఆంధ్రతీరమున రొయ్యల సాగు విస్తరించిన ఫలముగ ఉప్పదనమును కొలుచు సాధనములును, అమ్మోనియా పరీక్ష కిట్లును భీమవరము మొదలగు పట్టణములలో సులభముగ దొరకుచున్నవి. తొట్టిలోని నీరు ఎండకు ఆవిరియై తగ్గినప్పుడు ఉప్పునీటిని కాక మంచినీటినే పోయవలెను. మోడ కట్టిన ఉప్పరి యెరిగిన సత్య మిదియే, నీరు పోవును, ఉప్పు నిలుచును.

పొదుపు చేయదగిన తావులు పెక్కు కలవు. తొట్టి పాతదైనను కారకుండిన చాలును. ఆడంబరమైన దీపములు చేపకు అక్కరలేదు. అడుగున పరచుటకు కోళ్ళ దాణాలో కలుపు ఆల్చిప్పల పలుకులను పలుమారులు కడిగి వాడినచో, అవి సున్నపు అంశమును గూడ నీటికి కొంచెము కొంచెముగ నిచ్చును. వడపోతకు గాలిపంపుతో నడచు స్పంజి చాలును. ఈ సీమ వేసవికి చేపలు తాళవు. 28 డిగ్రీలు దాటకుండుట మంచిది గాన, తొట్టిని పడమటి గోడకు దూరముగ నుంచి, నీటిమీదుగ చిన్న పంకా గాలి వీచునట్లు చేసినచో, నీరు ఆవిరి యగుచు చల్లబడును. కరెంటు పోవుట సామాన్యమైన చోట బ్యాటరీతో నడచు గాలిపంపు నొకదానిని సిద్ధముగ నుంచుకొనుట యావశ్యకము. అది లేనినాడు అన్నా థిన్ ఇంటి పనిపిల్లవలె చెంబుతో నీటిని ఎత్తిపోసినను చేపలు నిలుచును. ఇట్లు అమర్చిన తొట్టిని నాలుగు మొదలు ఆరు వారముల వరకు చేప లేకుండనే నడపి, చిటికెడు మేతను అప్పుడప్పుడు వేయుచు, అమ్మోనియాయు నైట్రైటును పుట్టి, పెరిగి, మరల శూన్యమునకు దిగువరకు వేచియుండవలెను. వినోగ్రాద్‌స్కీ చెప్పిన జీవులు కంటికి కనబడక తమ కాపురము నిలుపుకొను కాలమది.

పిమ్మట చేర్పవలసిన తొలి ప్రాణి మన పట్టణపు అంగళ్ళలో అతి చౌకగ దొరకు మోలీ చేప. మంచినీటి చేపగ నమ్మబడుచున్నను, అది మెల్లమెల్లగ అలవరచినచో పూర్తి ఉప్పునీటిలోను సుఖముగ జీవించును. కొలది దినములపాటు రోజుకు కొంత చొప్పున ఉప్పునీటిని కలుపుచు పోయినచో చాలును. తొట్టి దానితో నిలకడ చెందిన పిమ్మట నారింజ వన్నెపై తెల్లని పట్టీలు గల క్లౌన్ చేపల జంటను తెచ్చుకొనవచ్చును. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మొదలగువారి కృషివలన ఈ చేపలను సముద్రమునుండి పట్టక, తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు విధానము మన దేశమున సిద్ధించెను. తొట్టిలో పుట్టిన చేప తొట్టి జీవితమునకు అలవడి యుండును. సముద్రమునకు లోటును కలుగదు. వారమునకో, పక్షమునకో పదవవంతు నీటిని మార్చుటయు, మేతను చేప తినునంత మాత్రమే వేయుటయు తప్పనిసరి నియమములు. ఆశపడి పెక్కు చేపలను కూర్చినచో, ఎంత సొమ్ము పోసినను ఆ తొట్టి నిలువదు.

కాబట్టి ఉప్పునీటి తొట్టికి కావలసిన మూలధనమును మనము రూపాయలతోనే లెక్కింప నక్కరలేదు. దీని చరిత్రలో ప్రతి మలుపునందును, చేతిలో నున్న అల్పమైన సాధనముతో జలధర్మమును కనిపెట్టి అనుసరించినవారే గెలిచిరి. తొందరపడినవారును, తీరమును దోచినవారును ఓడిరి. ఈ విద్య ఏ యింటి వసారాకో పరిమితము కాక, ఆమడగూరు, కదిరి, పెనుకొండ ప్రాంతముల ఉన్నత పాఠశాలలలో ఒక్కొక్క తొట్టిగ నెలకొన్నచో, మెరీనాలో 1942లో మూతబడిన ప్రజావిద్యాలయము మన సీమలో పలుచోట్ల మరల తెరచినట్లగును. లవణముల నిష్పత్తిని తూచి కలుపు బాలుడు రసాయన శాస్త్రమును, అమ్మోనియాను పరీక్షించు బాలిక జీవశాస్త్రమును, ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయుట నేర్చిన యిద్దరును తమ తాతముత్తాతల వృత్తిజ్ఞానమును ఒక్కసారిగ చేపట్టుదురు. నీటిచుక్క విలువను మనవలె అనుభవించి తెలిసికొన్న సీమవారికంటె ఈ పనికి తగినవారు వేరొక చోట లేరు. మన ఉపాధ్యాయులును, గ్రామపెద్దలును పూనుకొని ఈ చిన్న ప్రయత్నమునకు చేయూత నియ్యవలెనని నా మనవి.